ఎం.ఎస్. ఉంది, హోమ్ లోన్‌కి వెళ్తే ఫారంలో అన్నీ 'నో' కొట్టమంటున్నాడు ఏజెంటు

అద్దెకొంప_37
నాకు 37. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే నరాల జబ్బని 2021లో తేలింది. వచ్చి పోతూ ఉండే రకం. పోయినప్పుడల్లా ఏదో ఒకటి చంకన పెట్టుకు పోతుంది. ప్రస్తుతానికి ఎడమ కాలు కాస్త ఈడుస్తా, సాయంత్రానికి ఒళ్ళు తేలిపోతుంది. డైమిథైల్ ఫ్యూమరేట్ వేసుకుంటున్నా. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్, చేతికి లక్షా పదిహేను వేలు. మా ఆయనది జిరాక్సు, స్టేషనరీ షాపు, ఐటీ రిటర్నులు ఈ రెండేళ్ళ నుంచే వేస్తున్నాడు.

బాచుపల్లిలో ఫ్లాటు చూశాం. 68 లక్షలు, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చనే అనుమతి పత్రం) వచ్చింది. 50 లక్షలు లోను కావాలి. బ్యాంకు తరఫున ఇంటికొచ్చిన ఏజెంటు కాగితాల కట్ట ముందేసి, ఇంటూ మార్కున్న చోటల్లా సంతకం పెట్టమన్నాడు. అందులో ఒకటి ఇన్సూరెన్సు ఫారం. నరాల జబ్బు ఉందా, పక్షవాతం ఉందా, కిడ్నీ, గుండె అని వరసగా ఉన్నాయి. నాకు ఎం.ఎస్. ఉందండీ అన్నా. నా మొహం చూశాడు, కాలు చూశాడు. "అన్నీ నో కొట్టేయండి మేడమ్, ఉత్త ఫార్మాలిటీ. ఎస్ అంటే లోనే రాదు" అన్నాడు. ప్రీమియం 2 లక్షలట, అదీ లోన్లోనే కలిపేస్తారట.

సంతకం పెట్టకుండా పంపేశా. బ్యాంకుకి జబ్బు సంగతి చెప్పాలా? చెబితే ఆపేస్తారా? ఇన్సూరెన్సు లేకుండా ఇస్తారా? ఎన్నేళ్ళకి పెట్టుకోవాలి? దేవుడి మీద భారం వేయమనే వాళ్ళకి ముందే చెబుతున్నా, ఆయన్ని అడిగాను, కో-అప్లికెంటుగా రానన్నాడు.

రాంగ్‌రూట్_రాజు
అందరూ నో నే కొడతారు. నేను షుగర్ ఉండి నో కొట్టా. ఏం కాలేదు.

మాజీ_మేనేజరు
ఏం కాలేదంటే నువ్వింకా బతికున్నావు కాబట్టి తమ్ముడూ. ఆ పాలసీ పనికొచ్చేది పోయాకే.

ఎల్బీనగర్_లత
రాజు గారు ఇది చదివి నాడి చూసుకుంటూ ఉంటారు ఇప్పుడు.

మాజీ_మేనేజరు
ప్రభుత్వ బ్యాంకులో 31 ఏళ్ళు చేశానమ్మా, చివరి 9 ఏళ్ళు ఇళ్ళ లోన్ల టేబులే. మీ ముందు పెట్టిన కట్టలో రెండు వేరువేరు సంస్థల కాగితాలున్నాయి. లోను దరఖాస్తు బ్యాంకుది. మీ వయసెంత, జీతమెంత, ఇప్పటికే కట్టే ఈఎంఐలు ఏమిటి, సిబిల్ (అప్పులు తీర్చిన తీరుకిచ్చే స్కోరు) ఎంత, ఆ ఫ్లాటు టైటిల్ శుభ్రంగా ఉందా లేదా, అందులో అడిగేవి ఇవే. నేను చూసిన దరఖాస్తుల్లో "మీకేం జబ్బు" అన్న గడి లేదు. ఆరోగ్యం అడిగేది రెండో కాగితం. అది బీమా కంపెనీది.

"ఎస్ అంటే లోను రాదు" అన్నదాంట్లో నిజం ఎంతంటే, ఎస్ అంటే పాలసీ రాకపోవచ్చు. అతనికి రెండింటికీ టార్గెట్లు ఉంటాయి, అందుకే రెండూ ఒక ముడి వేసి చెబుతాడు. హోమ్ లోనుకి జీవిత బీమా తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. బిల్డింగుకి అగ్నిప్రమాదం, భూకంపం వగైరా బీమా మాత్రం అడుగుతారు, దానికీ మీ నరాలకీ సంబంధం లేదు. జనం ఈ రెండూ కలిపేసుకుంటారు, ఏజెంట్లు కలపనిస్తారు.

అడగని విషయం మీరై చెప్పాల్సిన పని లేదు. అడిగిన చోట అబద్ధం రాయకూడదు. ఈ రెండింటికీ మధ్య బోలెడు చోటుంది.

ఇంకొకటి. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోనుకీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే లోను ఖర్చులన్నీ చూపే కాగితం, ఇచ్చి తీరాలి. బ్యాంకు మీ దగ్గర వసూలు చేసే ఇన్సూరెన్సు డబ్బు కూడా అందులో కనపడాలి, ఏడాది ఖర్చు శాతంలో కలవాలి. ఆ కాగితం తెలుగులో అడగండి. మీకర్థమయ్యే భాషలో ఇవ్వాలనే నిబంధన.

లెక్కల_మాస్టారు
ఆ 2 లక్షల ప్రీమియం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. లోన్లో కలిపితే దానికీ వడ్డీ పడుతుంది. 8.5%, 20 ఏళ్ళు అనుకుంటే నెలకి 1,736 రూపాయలు. 240 నెలలకి 4,16,000 పైచిలుకు. క్లెయిమే రాని పాలసీకి 4 లక్షలు!

రాంగ్‌రూట్_రాజు
మాస్టారూ, క్లెయిమ్ రాదని ఎవరన్నారు? ఇన్సూరెన్సు చట్టం సెక్షన్ 45 చదవండి. పాలసీకి 3 ఏళ్ళు దాటితే ఏ కారణం చెప్పీ ఎదురు తిరగలేరు. 2015 నుంచి ఉంది. నేనేం ఊరికే చెప్పట్లేదు.

చీరాల_చిన్నమ్మ
చట్టం నిజమే బాబూ. ఆ 3 ఏళ్ళ లోపల ఏమవుతుందో నేను చెబుతా.

మా ఆడపడుచు భర్త. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ 4 దాటింది, డాక్టరు డయాలసిస్‌కి సిద్ధంగా ఉండమన్నాడు. ఇల్లు లేకుండా పోతానేమోనని ఆయన బెంగ. లోను పెట్టాడు, 32 లక్షలు. ఫారంలో అన్నీ నో. నింపింది ఏజెంటు, సంతకం ఈయనది. 14వ నెలలో పోయాడు. బీమా వాళ్ళు ఆసుపత్రి నుంచి పాత కాగితాలన్నీ తెప్పించుకున్నారు, ఏ తేదీన ఏ పరీక్ష చేశారో మాకంటే వాళ్ళకే బాగా తెలుసు. క్లెయిము కొట్టేశారు. దినకర్మలు అయిన నెలకే మా ఆడపడుచు ఈఎంఐ కట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికి మూడేళ్ళు. హైదరాబాద్‌లో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ అనే ఫిర్యాదుల అధికారి దగ్గరికీ వెళ్ళాం. అక్కడ అడిగింది ఒకటే: ఈ సంతకం మీ ఆయనదేనా? ఆయనదే.

ఏజెంటు వేరే బ్యాంకుకి మారిపోయాడట.

ఎల్బీనగర్_లత
అయ్యో చిన్నమ్మ గారూ.

రాంగ్‌రూట్_రాజు
సారీ అమ్మా. నేను అంత ఆలోచించలేదు.

మాజీ_మేనేజరు
రాజు చెప్పిన సెక్షన్ ఉంది, కాదనను. కానీ దాన్ని నమ్ముకోవడమంటే 3 ఏళ్ళు బతికి తీరతానని బీమా కంపెనీతో పందెం కాయడం. ఓడిపోతే కట్టేది భార్యో భర్తో.

కరీంనగర్_కిరణ్
అక్కా, నాది మస్కులర్ డిస్ట్రఫీ, కండరాలు బలం తప్పే జబ్బు, నడుము కాడ నుంచి మొదలయ్యే రకం. 2018ల నడుచుకుంట పోయిన, ఇప్పుడు వీల్‌చైర్. మేనేజరు సారు చెప్పినట్టు గడి లేదన్నది నిజమే గని, మనిషి ఉంటడు కద? నాకాడికి ఒక ప్రైవేటు హౌసింగ్ ఫైనాన్సోళ్ళు ఇంటికొచ్చి మాట్లాడిన్రు, పర్సనల్ డిస్కషన్ అంటరు దాన్ని. అన్నీ బాగున్నయి అనుకుంట చాయ్ తాగిన్రు. లేచేటప్పుడు "ఇంకెన్నేండ్లు కొలువు చేస్తరు సార్ మీరు" అని అడిగిండు. వారానికి ఫోను: ప్రొఫైల్ మ్యాచ్ అయితలేదు.

ప్రొఫైల్ అంటే ఏంది, జర కాగితం మీద రాసియ్యుండ్రి అని మెయిల్ కొట్టిన. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 13 కూడ అందుల పెట్టిన. వికలాంగులకు ఆస్తి కొనుక్కునే హక్కు, బ్యాంకు లోన్లు, మార్ట్‌గేజీలు పొందే హక్కు అందరి లెక్కనే ఉండేటట్టు ప్రభుత్వం చూడాలె అని దాంట్ల సాఫుగ రాసున్నది. ఎన్‌బీఎఫ్‌సీలకు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్సు కంపెనీలకు, రిజర్వు బ్యాంకు ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌ల కూడ వైకల్యం చూసి లోన్ల తేడా చెయ్యొద్దని ఉన్నది.

అద్దెకొంప_37
తర్వాత ఏమైంది కిరణ్ గారూ? ఇచ్చారా?

కరీంనగర్_కిరణ్
లేదు అక్కా. జవాబే రాలే. నాకు కోపమొచ్చి వేరే బ్యాంకుకు పోయిన, ఆడ అయింది. నాది సర్కారు కొలువు, జూనియర్ అసిస్టెంట్. అదే చట్టం సెక్షన్ 20ల సర్వీసుల ఉన్నప్పుడు వైకల్యమొస్తే తీసెయ్యొద్దు, పోస్టు తగ్గియ్యొద్దు అని ఉన్నది. ఆ సంగతి బ్యాంకు మేనేజరుకు నేనే చెప్పిన. మీది ప్రైవేటు కాబట్టి గా ధైర్యం ఉండదు, అది నాకు ఎరుకే.

మాజీ_మేనేజరు
కిరణ్ చెప్పింది ఒప్పుకోవాల్సిందే. సెక్షన్ చూపించి లోను తెచ్చుకున్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. కానీ రాతపూర్వకంగా అడిగినవాడి ఫైలుని మాత్రం ఎవరూ తేలిగ్గా పక్కన పడేయరు. 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు. లోను ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మీద అంబుడ్స్‌మన్ పెద్దగా వేలు పెట్టడు. ఇన్సూరెన్సు బలవంతంగా అంటగట్టడం మీద, కారణం చెప్పకపోవడం మీద అయితే పెట్టి చూడొచ్చు.

అమెరికా_అల్లుడు
ఇక్కడ ఫెయిర్ హౌసింగ్ యాక్టులో వైకల్యాన్ని 1988లోనే చేర్చారు, ఇంటి లోన్లకీ వర్తిస్తుంది. పైగా చాలా కంపెనీలు ఉద్యోగులకి లాంగ్ టర్మ్ డిజెబిలిటీ ఇన్సూరెన్సు ఇస్తాయి, పని చేయలేకపోతే జీతంలో కొంత భాగం నెలనెలా వస్తుంది. మన దగ్గర అసలు లోటు అదే.

రాంగ్‌రూట్_రాజు
అల్లుడు గారూ, అక్కడి చట్టం బాచుపల్లి చౌరస్తా దాటి రాదు.

అమెరికా_అల్లుడు
అత్తారింటికొచ్చినప్పుడు సూట్‌కేసులో పట్టుకొస్తాలే.

లెక్కల_మాస్టారు
అందరూ లోను ఎలా రావాలనే మాట్లాడుతున్నారు. అసలు తీసుకోవాలా? 68 లక్షల ఫ్లాటుకి ఆ ఏరియాలో అద్దె 22 వేలు ఉంటుందేమో. ఈఎంఐ 43 వేలు. పెరిగే జబ్బు ఉన్న మనిషి 20 ఏళ్ళ అప్పు నెత్తిన పెట్టుకోవడం కంటే అద్దెకుండి ఆ తేడా దాచుకుంటే మందులకైనా పనికొస్తుంది. కటువుగా ఉంటే క్షమించాలి.

పలాస_జీడి
మాస్టారు, ఇది బాగులేదండి. జబ్బున్నోడికి ఇల్లు ఎందుకూ అన్నట్టుంది.

లెక్కల_మాస్టారు
నేనలా అనలేదు. లెక్క చెప్పా.

అద్దెకొంప_37
మాస్టారి లెక్క నేనూ వేసుకున్నా, పలాస గారూ. తప్పేం లేదు. నా లెక్కలో ఇంకో అంకె ఉంది, అది చెబుతా.

పోయిన ఏడాది రెండుసార్లు బాత్రూమ్‌లో పడ్డా. రెండోసారి మోచెయ్యి చిట్లింది. గోడకి పట్టుకునే రాడ్డు వేయించుకుంటానని ఓనర్ని అడిగాం. టైల్సుకి చిల్లు పెడితే డిపాజిట్లో కోస్తానన్నాడు. మొత్తం బాత్రూమ్ టైల్సు రేటు చెప్పాడు. రబ్బరు పట్టుతో అంటుకునే రాడ్డు తెచ్చి పెట్టాం, మూడో రోజు అదీ నేనూ కలిసే కింద పడ్డాం. పై నెలలో ఓనరు అమ్మాయి పెళ్ళి, ఇల్లు ఖాళీ చేయమన్నాడు. నాకు 37 ఏళ్ళకి ఇది ఏడో ఇల్లు. ప్రతి కొత్త ఇంట్లో చీకట్లో ఎన్ని అడుగులకి గడప వస్తుందో కాలికి మళ్ళీ నేర్పాలి.

అందుకే కొంటున్నా మాస్టారూ. పెట్టుబడి అని కాదు.

లెక్కల_మాస్టారు
సరే తల్లీ. ఇక ఆ ప్రశ్న అడగను. ఎన్నేళ్ళన్నది మాట్లాడదాం.

8.5% మీద 50 లక్షలకి: 20 ఏళ్ళయితే నెలకి 43,391, మొత్తం వడ్డీ 54 లక్షల చిల్లర. 15 ఏళ్ళయితే నెలకి 49,237, వడ్డీ 38 లక్షల 60 వేల దగ్గర. తేడా పదిహేనున్నర లక్షలు. నెలకి 5,850 ఎక్కువ కట్టగలిగితే 15కే వెళ్ళాలి. ఒంట్లో ఓపికున్నప్పుడే తీర్చేయాలి.

ఎల్బీనగర్_లత
మాస్టారూ ఇక్కడ నేను ఒప్పుకోను. మా నాన్నకి పార్కిన్సన్స్. 52వ ఏట తేలింది, 56వ ఏట వీఆర్ఎస్ (ముందస్తు రిటైర్మెంటు) తీసుకున్నాడు. తొందరగా తీరిపోవాలని 10 ఏళ్ళకి పెట్టుకున్న లోను, ఈఎంఐ పెద్దది. పెన్షన్ మొదలయ్యేలోపు 8 నెలలు ఇంట్లో బంగారం ఒక్కొక్కటే బయటికెళ్ళింది. ఈ జబ్బులకి క్యాలెండరు ఉండదు. చిన్న ఈఎంఐ ఉండాలి, అంతే.

మాజీ_మేనేజరు
ఇద్దరికీ గొడవ అక్కర్లేదు. 20కి రాయించుకుని 15 లాగా కట్టొచ్చు. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోనుకి ముందుగా కట్టినా పెనాల్టీ లేదు, బ్యాంకులకి 2012 నుంచీ ఈ నిబంధన ఉంది. నెలకి ఆ 5,850 అదనంగా అసలులో వేస్తూ పోతే అదీ 15 ఏళ్ళకే తీరుతుంది. వేయలేని నెల వేయరు. అడిగేవాడు లేడు. 15కే రాయించుకుంటే వేయలేని నెలని డిఫాల్టు అంటారు.

ఒక జాగ్రత్త. అదనంగా కట్టినప్పుడు ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా అని బ్యాంకు దానంతటదే ఏదో ఒకటి చేసేస్తుంది. మీకేం కావాలో రాసివ్వండి.

పలాస_జీడి
మాది ఉద్దానం. మా ఊళ్ళో కిడ్నీ జబ్బు అంటే ఇంటికో కథ. అద్దెకొంప గారూ, మీకు ఎం.ఎస్. అంటే జనానికి అర్థం కాదు. మా ఊరి పేరు చెప్తే చాలు, ఎదుటోడు మొహం అదోలా పెడతాడు. పెళ్ళి సంబంధాలకీ అంతే, అప్పులకీ అంతే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టారు, డయాలసిస్ వాళ్ళకి నెలకి 10 వేలు పింఛను ఉంది. అవన్నీ మంచివే. ఇల్లు కట్టుకోవడానికి మాత్రం బ్యాంకులో కూర్చున్నప్పుడు ఊరి పేరు దగ్గర నా గొంతు చిన్నదైపోయింది.

నాకు క్రియాటినిన్ 2.3. విశాఖలో ఉద్యోగం. ఇల్లు నా పేరునా మా ఆవిడ పేరునా కలిపి, లోను కూడా ఇద్దరి పేరునా తీసుకున్నాం. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 18 వేలే. బ్యాంకు వాళ్ళు నవ్వారు. నేను చెప్పింది ఏటంటే, బాబూ ఈ 18 వేల మనిషి నా తర్వాత కూడా ఉంటుంది.

చీరాల_చిన్నమ్మ
మంచి పని చేశావు నాయనా. ఇంటి పత్రంలో ఆమె పేరు ఉంటే అంతే చాలు అనిపిస్తుంది నాకు, మా ఆడపడుచుని చూశాక.

మాజీ_మేనేజరు
చాలదు చిన్నమ్మ గారూ, ఇక్కడ జాగ్రత్త. కో-అప్లికెంటు అంటే బాకీ మొత్తానికీ బాధ్యుడు, సగానికి కాదు. రేపు అద్దెకొంప గారికి ఏమైనా అయితే వాళ్ళాయన జిరాక్సు షాపు మీద 43 వేలు పడతాయి. అందుకని పాలసీ లేకపోతే ఇంకేం ఉన్నాయో ముందే పోగేసుకోవాలి. పీఎఫ్ ఉంటే దానితో పాటే ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంటుంది, గరిష్ఠం 7 లక్షలు, ఉద్యోగి రూపాయి కట్టక్కర్లేదు, ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. చాలామందికి ఉన్నట్టే తెలియదు. కంపెనీ గ్రూప్ టర్మ్ పాలసీ (ఉద్యోగులందరికీ కలిపి తీసుకునే, పోతేనే డబ్బొచ్చే బీమా) ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి, కొంత మొత్తం వరకూ మెడికల్ అడక్కుండానే ఇస్తారు. ఉద్యోగం మానేస్తే మాత్రం అదీ పోతుంది. బ్యాంకు ఖాతా మీద జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షలు వస్తాయి, 50 ఏళ్ళ లోపు చేరాలి. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం తప్ప వేరే కారణంతో పోతే రాదు.

ఆపైన మీ ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు కదా? ఆయన మీద టర్మ్ పాలసీ తీసుకోండి. జబ్బు మనిషి గురించే అందరూ లెక్కలేస్తారు, స్కూటరు మీద తిరిగేవాడి సంగతి మర్చిపోతారు.

అద్దెకొంప_37
నాకు నిజం చెప్పి టర్మ్ పాలసీ అడిగితే ఎవరైనా ఇస్తారా?

మాజీ_మేనేజరు
ఇస్తే ప్రీమియం పెంచి ఇస్తారు, లేదంటే కొన్నాళ్ళు ఆగి రమ్మంటారు, లేదంటే కుదరదంటారు. కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది. ఆన్‌లైన్లో సరదాకి నాలుగు చోట్ల అప్లికేషన్లు పెట్టకండి. ఒకరు కాదన్నారంటే తర్వాతి ఫారంలో "ఇంతకుముందు ఎవరైనా తిరస్కరించారా" అన్న ప్రశ్నకి ఎస్ రాయాలి. ముందు మెడికల్ కాగితాలు చూపించి మాటగా అడగండి, ఆ తర్వాతే ఫారం.

కరీంనగర్_కిరణ్
అక్కా, యూడీఐడీ కార్డు, అదే వికలాంగుల గుర్తింపు కార్డు, తీసుకున్నరా? ఎం.ఎస్. ఆ వికలాంగుల చట్టంల 21 రకాలల్ల ఉన్నది. 40% గాని ఆపైన గాని ఉంటే ఇన్‌కమ్ ట్యాక్సుల వికలాంగుల మినహాయింపు కింద 75 వేలు, 80% గాని ఆపైన గాని ఉంటే లక్షా 25 వేలు ఆదాయంల తగ్గిస్తరు.

అద్దెకొంప_37
తీసుకోలేదు. కార్డుంటే ఆఫీసుకి తెలిసిపోతుందని భయం. పైగా నేను కొత్త ట్యాక్సు పద్ధతిలో ఉన్నా.

లెక్కల_మాస్టారు
కొత్త పద్ధతిలో ఆ వికలాంగుల మినహాయింపు లేదు. ఉండే ఇంటి లోను వడ్డీకి 2 లక్షల మినహాయింపు కూడా లేదు. మీకు ఈ రెండూ, పొదుపుల మీద మినహాయింపూ కలిస్తే పాతదే మేలవుతుందేమో, ఒకసారి రెండూ వేసి చూడండి. కార్డు తీసుకుని ఆఫీసుకివ్వకుండా రిటర్ను వేసేటప్పుడు నేరుగా చూపించుకోవచ్చు.

అద్దెకొంప_37
ఇది నాకు తట్టలేదు. థాంక్సండీ.

వైజాగ్_వేణి
నాకూ ఎం.ఎస్., 11 ఏళ్ళు. లోను గురించి పెద్దలు చెప్పేశారు. ఫ్లాటు గురించి ఎవరూ అడగలేదే? ఎన్నో అంతస్తు? ఏ ముఖం?

అద్దెకొంప_37
5 అంతస్తుల్లో 5వది. లిఫ్టు ఉంది. మా అత్తగారు వాస్తు చూపించారు, బ్రహ్మాండంగా ఉందట.

వైజాగ్_వేణి
వద్దు. వద్దు. వద్దు. పైన స్లాబు, మే నెల ఎండ. వేడికి మనకి ఏమవుతుందో తెలుసు కదా, కళ్ళు మసకబారతాయి, కాళ్ళు గంజిలా అయిపోతాయి. నేను టాప్ ఫ్లోర్లో రెండు వేసవులు గడిపి అమ్మేశా. అందులోనూ బెడ్రూమ్‌కి పడమటి గోడ ఉంటే రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. కింద అంతస్తు దొరుకుతుందేమో చూడండి. లిఫ్టుకి జనరేటరు ఉందో లేదో అడగండి. బాత్రూమ్ తలుపు వెడల్పు టేపుతో కొలవండి, కిరణ్ గారిని అడిగితే వీల్‌చైరుకి ఎంత కావాలో చెబుతారు. ఇప్పుడు అక్కర్లేదు. అయినా కొలవండి.

కరీంనగర్_కిరణ్
బాత్రూం తలుపు మూడడుగులు ఉంటే నిమ్మళం. మా బిల్డరు రెండున్నర పెట్టిండు, పలగ్గొట్టి పెంచిన.

రాంగ్‌రూట్_రాజు
వాస్తు బ్రహ్మాండం, ఎండ కూడా బ్రహ్మాండం.

పలాస_జీడి
అత్తగారికి ఎలా చెప్తారో అదొక్కటే కష్టం ఇక్కడ. బ్యాంకు సులువు.

*(6 వారాల తర్వాత)*

అద్దెకొంప_37
అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

అదే బిల్డింగులో 1వ అంతస్తు ఖాళీగా ఉంటే మారాం, తూర్పు బాల్కనీ. అత్తగారికి వాస్తు పంతులే చెప్పాడు, మొదటి అంతస్తు ఇంకా మంచిదట. ఆయనకి ఎవరు చెప్పారో నేను అడగలేదు, మా ఆయన మొహం మాత్రం అమాయకంగా ఉంది.

ఏజెంటుని వదిలేసి నేరుగా బ్రాంచికి వెళ్ళా. మేనేజరు గారి ముందు ఒక కాగితం పెట్టా: లోనుకి అనుబంధంగా జీవిత బీమా నాకు వద్దు, దాని వల్ల వడ్డీలో కానీ షరతుల్లో కానీ తేడా ఉంటే రాసివ్వండి. ఆయన రెండుసార్లు చదివాడు. "తీసుకుంటే మంచిదే కదమ్మా" అన్నాడు. తీసుకోవాలంటే నిజం రాయాలి సార్, నిజం రాస్తే వాళ్ళే ఇవ్వరు, అన్నా. ఏమిటని అడిగాడు. చెప్పా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళ వదినకి కూడా ఇలాంటిదేదో ఉందని, పేరు తెలియదని, ఏ డాక్టరు దగ్గర చూపిస్తున్నారని అడిగాడు. అరగంట అదే మాట్లాడుకున్నాం. అందరికీ ఇలా జరుగుతుందని చెప్పను, కిరణ్ గారి చాయ్ గుర్తుంది నాకు.

తర్వాత అసలు కష్టం వచ్చింది. లాయరు లీగల్ ఒపీనియన్లో 1998 నాటి లింకు డాక్యుమెంటు ఒకటి లేదన్నాడు. ల్యాండు ఓనర్ల అన్నదమ్ముల పంపకం కాగితం. దాని సర్టిఫైడ్ కాపీ కోసం మూడు వారాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ. మెట్లు ఎక్కలేక నేను కింద ఆటోలోనే కూర్చుంటే మా ఆయన ఎక్కి దిగాడు. నా నరాల కంటే ఆ అన్నదమ్ములే బ్యాంకుని ఎక్కువ భయపెట్టారు.

వాల్యుయేషన్ తగ్గి 48 లక్షలే ఇచ్చారు, 20 ఏళ్ళకి. 8.5% లెక్కన మాస్టారు చెప్పిన తీరులో వేస్తే 41,655 వస్తోంది. ఇద్దరి పేరునా తీసుకున్నాం. కీ ఫ్యాక్ట్స్ కాగితంలో ఇన్సూరెన్సు గడిలో సున్నా ఉంది, దాన్ని ఫొటో తీసి పెట్టుకున్నా. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, దాదాపు 5 లక్షలు, లోన్లో రాదు కాబట్టి నా గాజులు వెళ్ళాయి. ఆయన మీద టర్మ్ తీసుకున్నాం. హెచ్ఆర్‌ని అడిగితే గ్రూప్ కవర్ ఏడాది జీతానికి రెండింతలు ఉందట, నాలుగేళ్ళుగా ఉంది, నామినీ కాలమ్ ఖాళీగా ఉంది.

మాజీ_మేనేజరు
నామినీ నింపారా?

అద్దెకొంప_37
నింపా సార్.

మాజీ_మేనేజరు
ఇంకొక్కటి చెప్పి ఆపుతా. ఒకవేళ ఎప్పుడైనా జీతం ఆగే పరిస్థితి వస్తే ఈఎంఐ తప్పకముందే బ్రాంచికి వెళ్ళండి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత 60 రోజుల నోటీసు వస్తుంది, అప్పుడు మేనేజరు మంచివాడైనా చేతులు కట్టేసి ఉంటాయి. ముందే వెళ్తే గడువు పెంచడమో ఇంకోటో చేయడానికి వీలుంటుంది. ఏడాది ఈఎంఐలకి సరిపడా, అంటే 5 లక్షలు, విడిగా ఎఫ్‌డీలో పడేదాకా అదనపు కట్టుబడి మొదలుపెట్టొద్దు. మాస్టారికి కోపం రావచ్చు.

లెక్కల_మాస్టారు
రాలేదు. రాసుకున్నా.

చీరాల_చిన్నమ్మ
గృహప్రవేశం ఎప్పుడమ్మా?

అద్దెకొంప_37
మాఘమాసంలో. దానికి ముందు ఒక పని ఉంది, అందుకే మళ్ళీ వచ్చా. బాత్రూమ్ రాడ్డు. స్టీలుదా, ప్లాస్టిక్ పూత ఉన్నదా? ఎంత ఎత్తులో?

కరీంనగర్_కిరణ్
స్టీలు, పైన గరుకు ఉండాలె, నున్నగ ఉంటే సబ్బు చేతికి జారుతది. ఎత్తు పుస్తకం చూసి పెట్టకుండ్రి. కమోడు మీద కూసొని మీ చెయ్యి ఎక్కడ ఆనుతదో ఆడ పెన్సిల్ గీత గీయిండ్రి. టైలు మీద బిగిస్తే ఊడుతది, లోపల గోడల దాక పొడుగు బోల్టు పోవాలె.

వైజాగ్_వేణి
రెండు పెట్టించండి. షవర్ దగ్గర ఒకటి. మేస్త్రీ ఒకటి చాలంటాడు, వినకండి.

అద్దెకొంప_37
మూడు పెట్టిస్తున్నా. చిల్లులు ఎన్నయినా పెట్టుకోవచ్చు ఇప్పుడు.